మాగబెట్టిన ఇంపీరియల్ స్టౌట్: మూత తీశాక రుచి తేడాగా ఉంటే

పోయిన డిసెంబరులో మా బావగారు డాలస్ వచ్చినప్పుడు, ఆరేళ్లుగా దాచిన ఇంపీరియల్ స్టౌట్ (నల్లటి, చిక్కటి, ఆల్కహాల్ ఎక్కువున్న బీరు) సీసా ఒకటి తెరిచాను. దాని గురించి పెద్ద ఉపోద్ఘాతం చెప్పి మరీ పోశాను. ఆయన వాసన చూసి, ఒక గుక్క తాగి, గ్లాసును మర్యాదగా బల్ల మీద పెట్టి, "ఏమయ్యా, పార్సిల్ పెట్టె వానలో తడిస్తే ఇదే వాసన వస్తుంది కదా" అన్నారు. ఆయనకు బీరు గురించి పెద్దగా తెలియదు కానీ ముక్కు మాత్రం గట్టిది. నిజంగానే అది తడిసిన అట్ట వాసన.

ఆ సీసాను చెడగొట్టింది ఆరేళ్ల కాలం కాదు. కొన్న కొత్తలో రెండు వేసవులు దాన్ని గ్యారేజీలో ఉంచాను, చెడింది అక్కడే. పాత స్టౌట్ బాగాలేదని ఎవరైనా అంటే నేను మొదట వయసు అడగను, అది ఎక్కడ పెరిగిందో అడుగుతాను.

ఈ బీరు పుట్టుకే నిల్వ కోసం. లండన్‌లోని సదర్క్ ప్రాంతంలో థ్రేల్ కుటుంబం నడిపిన బ్రూవరీ 18వ శతాబ్దంలో రష్యా రాజాస్థానానికి చిక్కటి, ఘాటైన పోర్టర్ (స్టౌట్ పుట్టిన పాత నల్ల బీరు) పంపేది. 1796లో చిత్రకారుడు జోసెఫ్ ఫారింగ్టన్ ఆ బీరు తాగి, అది రష్యా మహారాణి కోసం ప్రత్యేకంగా తయారైందనీ, ఏడేళ్లు నిలుస్తుందనీ విన్నట్టు దినచర్యలో రాసుకున్నాడు. ఆ ఏడేళ్లు చల్లటి దేశాల లెక్క. టెక్సస్ గ్యారేజీకీ, హైదరాబాద్ అపార్ట్‌మెంటు అటకకూ అది వర్తించదు.

తడిసిన అట్ట, పాత కాగితం వాసన

ఇది ఆక్సిజన్ పని. సీసా నింపేటప్పుడు లోపల మిగిలిన గాలి కొంత, మూత లోపలి పొర గుండా ఏళ్ల తరబడి చొరబడే గాలి కొంత. వేడి తోడైతే ఆ చర్యలు పరుగెత్తుతాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బీరు పాతబడే వేగం రెండు నుంచి మూడు రెట్లు అవుతుందని మోటు లెక్క. ఆ లెక్కన 12 డిగ్రీల దగ్గర రెండేళ్లలో వచ్చే మార్పు, 32 డిగ్రీల దగ్గర మూడు నుంచి ఆరు నెలల్లోనే వచ్చేస్తుంది. పైగా వేడిలో వచ్చే మార్పు మంచి వైపు తక్కువ, అట్ట వైపు ఎక్కువ.

తికమక ఏమిటంటే, మనం కోరుకునే రుచులు కూడా ఆక్సిజన్ ఇచ్చేవే. ఖర్జూరం, ఎండుద్రాక్ష, షెర్రీ వైను ఛాయ, పాత తాటిబెల్లం లాంటి లోతు, ఇవన్నీ నెమ్మదిగా జరిగిన ఆక్సీకరణ వల్లే వస్తాయి. అందుకే గ్లాసులో ఖర్జూరమూ అట్టా రెండూ ఉంటే కంగారు పడకండి, ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ వాసన చూడండి. ఖర్జూరం పైకొస్తే తాగండి. అట్టే మిగిలితే ఆ సీసాకు వైద్యం లేదు.

మిగతా సీసాలకు ఉంది. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుంచుకునే చవక థర్మామీటరు ఒకటి కొని, సీసాలున్న చోట వారం రోజులు పెట్టండి. నేను ఈ పని ఆలస్యంగా చేశాను. జులైలో మా గ్యారేజీ 43 చూపించింది. ఇంట్లో మెట్ల కింద అరలో 24 దాటలేదు. ఈ ప్రాంతపు ఇళ్లకు నేలమాళిగలు అరుదు కాబట్టి, చివరికి పాత ఫ్రిజ్ ఒకటి తెచ్చి, ప్లగ్గుకూ దానికీ మధ్య విడిగా ఒక థర్మోస్టాట్ తగిలించి 12 డిగ్రీలకు కట్టాను. 10 నుంచి 13 మధ్య ఎక్కడైనా సరే. అంత ఏర్పాటు కుదరకపోతే మామూలు ఫ్రిజ్‌లోనే ఉంచండి. అక్కడ మాగడం దాదాపు ఆగిపోతుంది తప్ప బీరు చెడదు. (హైదరాబాద్‌లో సెల్లార్ అంటే కార్లు పెట్టే చోటు. అక్కడ నిల్వ చేయమని నేను చెప్పినట్టు అర్థం చేసుకోకండి.)

మూత మీద మైనం పోసి ఉందని నిశ్చింతగా ఉండవద్దు. చూడటానికి బాగుంటుంది, ఊడదీయడానికి అరగంట పడుతుంది, చెడ్డ నిల్వ నుంచి మాత్రం కాపాడదు.

సోయా సాస్ రుచి

నూడుల్స్ బండి పక్కన నిలబడితే వచ్చే ఆ ఉప్పగా, మాంసపు పులుసులా ఉండే వాసన. సీసా అడుగున ఉన్న ఈస్టు చచ్చి, దాని కణాలు పగిలి, లోపలి సరుకు బీరులో కలిసిందని అర్థం. సీసాలోనే పులియబెట్టిన రకాల్లో, అదీ వేడిలో ఉన్నవాటిలో ఎక్కువ. నాలుగైదేళ్లు దాటిన స్టౌట్‌లో ఇది చాలా కొద్దిగా ఉంటే తప్పు పట్టను, చాక్లెట్ రుచికి చిటికెడు ఉప్పు వేసినట్టుంటుంది. మొదటి గుక్కలోనే సోయా తగిలితే మాత్రం సీసా ఆయుష్షు దాటిపోయింది.

తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. సీసాను ముందురోజే నిలబెట్టి, పోసేటప్పుడు ఒకే వంపుతో, కుదుపు లేకుండా పోయండి. అడుగున రెండు వేళ్ల మందం వదిలేయండి. పైభాగం శుభ్రంగా ఉండి, అడుగు మడ్డిలోనే సోయా ఉంటే మీ పోత తప్పు, బీరు తప్పు కాదు. స్టౌట్ సీసాలను ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి, కార్కు ఉన్నవైనా సరే. వైనులా పడుకోబెడితే మడ్డి పక్కవాటంగా పేరుకుని, పోసేటప్పుడు లేచి గ్లాసులోకి వస్తుంది.

పులుపు

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. మాడేలా వేయించిన బార్లీలోనే కొంత పులుపు, వగరు ఉంటాయి, చిక్కటి డికాక్షన్‌లో ఉన్నట్టే. ఆ పులుపు నాలుక చివర మొదలై చేదులో కలిసిపోతుంది. అలాకాకుండా పుల్లమజ్జిగలా దవడలు లాగితే లాక్టిక్ బాక్టీరియా. ముక్కుకు ఘాటుగా తగిలే వెనిగర్ వాసన అయితే ఎసిటిక్ ఆమ్లం, ఎక్కువగా చెక్క పీపాల నుంచి వచ్చేది.

ఇది చిన్న బ్రూవరీల సమస్యే అనుకోకండి. పీపాలో మాగిన స్టౌట్‌కు మారుపేరైన షికాగో బ్రూవరీ గూస్ ఐలండ్ 2015లో విడుదల చేసిన బోర్బన్ కౌంటీ రకాల్లో కొన్ని పుల్లబడ్డాయి. పరీక్షల్లో ఆల్కహాల్‌ను, ఆమ్లాన్ని తట్టుకునే ఒక లాక్టోబాసిల్లస్ (పులుపు తెచ్చే లాక్టిక్ బాక్టీరియా) బయటపడింది. కంపెనీ డబ్బు వాపసు ఇచ్చి, 2016 నుంచి ఆ బీరును పాశ్చరైజ్ చేయడం మొదలుపెట్టింది. పద్నాలుగు శాతం దరిదాపుల్లో ఆల్కహాల్ ఉన్న బీరులో ఏ క్రిమీ బతకదన్న ధీమా ఆ ఏడాదితో పోయింది.

ఒక సీసా పుల్లగా ఉంటే అదే బ్యాచ్‌లో ఇంకొకటి తెరిచి చూడండి. అదీ పుల్లగా ఉంటే మిగిలినవన్నీ వెంటనే మామూలు ఫ్రిజ్‌లోకి మార్చి, ఏడాదులు దాచే ఆలోచన మానేయండి. తాగితే జబ్బు చేయదు కానీ రోజులు గడిచేకొద్దీ పులుపు పెరుగుతుందే తప్ప తగ్గదు. మా ఇంట్లో అలాంటి సీసాలు మటన్ నానబెట్టడానికి పోయాయి, ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

మూత తీయగానే నురుగు పొంగిపోవడం, కార్కు పైకి లేవడం

లోపల ఏదో మళ్లీ పులుస్తోంది. దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఇంగ్లండ్‌లోని లూయిస్ పట్టణానిది. అక్కడి హార్వీస్ బ్రూవరీ 1990ల చివర, ఒకప్పుడు బాల్టిక్ తీరానికి ఎగుమతి అయిన ఎ. లె కాక్ అనే కంపెనీ స్టౌట్‌ను పాత పద్ధతిలో మళ్లీ తయారు చేసి, కార్కు బిగించి సీసాల్లో నింపింది. నెలలు గడిచాక కార్కులు పైకి తోసుకు రావడం మొదలైంది. డెబారియోమైసెస్ అనే అడవి ఈస్టు, మామూలు ఈస్టు ముట్టుకోని చక్కెరలను తీరిగ్గా తింటోంది. పాతకాలపు స్టౌట్ రుచిలో ఇలాంటి అతిథులకూ వాటా ఉండేదేమోనని నా అనుమానం.

మన ఇళ్లలో ఈ ప్రమాదం పండ్ల గుజ్జు, మార్ష్‌మాలో లాంటివి వేసిన తీపి స్టౌట్లతో ఎక్కువ. డబ్బా అడుగు ఉబ్బితే దాన్ని కదిలించకుండా, తువ్వాలు చుట్టి, ఫ్రిజ్‌లోకి చేర్చండి. సీసా పొంగుతుందని అనుమానం ఉంటే ఒక రోజంతా బాగా చల్లబరిచి, సింకులో పెట్టి, మూతను కొద్దికొద్దిగా వదులు చేయండి. ముఖం దాని మీదికి వంచవద్దు. ఈ రకాలను దాచడమే అనవసరం.

గ్యాసే లేదు, నురుగు రాదు

ముందు గ్లాసు చూడండి. జిడ్డు గానీ సబ్బు పొర గానీ ఉంటే ఏ నురుగూ నిలవదు. గ్లాసు శుభ్రంగానే ఉంటే, ఆల్కహాల్ ఎక్కువున్న స్టౌట్‌కు నురుగు సహజంగానే తక్కువని గుర్తుంచుకోండి. పీపాలో మాగినవాటికి గ్యాసు తక్కువగానే పెడతారు. మూత అంచున ఎండిన గోధుమరంగు చార, లేదా పక్క సీసాల కంటే కిందికి దిగిన మట్టం కనిపిస్తే మాత్రం మూత కారుతోంది. ఆ సీసాను అదే వారం తాగేయండి.

కాఫీ గుబాళింపు పోయి పచ్చి క్యాప్సికం వాసన

కాఫీ వేసిన స్టౌట్‌ను రెండేళ్లు దాచిన ప్రతివారూ ఈ పాఠం నేర్చుకుంటారు. కాఫీ పరిమళం ముందు ఎగిరిపోతుంది, పచ్చిమిరప ఛాయ మిగులుతుంది. ఉదయం తీసిన డికాక్షన్‌ను సాయంత్రం తాగని మనం, కాఫీ బీరును ఏళ్ల తరబడి ఎందుకు దాస్తామో నాకు అర్థం కాదు. వనిల్లా, కొబ్బరి కూడా ఇంతే, ఏడాదిలో సగం పోతాయి. ఇలాంటివి కొన్న ఆరు నెలల్లో తాగాలి. దాచడానికి ఏ దినుసూ కలపని, ఆల్కహాల్ 9 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న రకాలే మేలు. కాలిఫోర్నియాలోని నార్త్ కోస్ట్ వారి ఓల్డ్ రాస్పుటిన్ సరిగ్గా 9 శాతం, ధర కూడా ఒళ్లు మండించదు. నేర్చుకోవడానికి నేను సిఫారసు చేసేది అదే.

జిగట తీపి

హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) చేదు ఏటేటా తగ్గుతుంది, మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి తగ్గదు. కొత్తగా ఉన్నప్పుడే తీపి అనిపించిన స్టౌట్ ఐదేళ్లకు పాకం అవుతుంది. కొత్తలో కాస్త మొరటుగా, చేదుగా అనిపించిందే దాచదగ్గది. ఇప్పటికే పాకమైపోతే, ఉప్పు వేసి వేయించిన జీడిపప్పుతో అరవై మిల్లీలీటర్లు చాలు.

గొంతు మంట, లేదా ఏ రుచీ తెలియకపోవడం

ఈ రెండూ చాలాసార్లు ఉష్ణోగ్రత సమస్యలే. గది వేడిమిలో పోస్తే ఆల్కహాల్ ముందుకు దూకుతుంది. ఫ్రిజ్ నుంచి తీయగానే, 4 డిగ్రీల దగ్గర పోస్తే నాలుక మొద్దుబారి, కాల్చిన చేదు తప్ప ఏమీ తెలియదు. బయట అరగంట ఉంచి, 11-13 డిగ్రీల దగ్గర తాగండి. అప్పటికీ మంట ఉంటే బీరు ఇంకా కుర్రది, ఏడాది ఆగితే గరుకుతనం తగ్గుతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వస్తే ఆగినా లాభం లేదు, పులిసేటప్పుడే వచ్చిన లోపం అది.

కారం బిర్యానీ తిన్న వెంటనే రుచి చూసి బీరును తిట్టడం కూడా ఈ కోవలోకే వస్తుంది. పోయిన డిసెంబరులో నేను చేసిన రెండో తప్పు అదే.

ఏ లోపమూ లేదు, అయినా నిరాశ

దీనికి కారణం సాధారణంగా ఒంటరి సీసా. కొత్తలో ఎలా ఉండేదో గుర్తు లేనప్పుడు ఏం మారిందో ఎలా తెలుస్తుంది? ఒకే బ్యాచ్‌లో కనీసం మూడు కొనండి. ఒకటి వెంటనే తాగి నాలుగు ముక్కలు రాసిపెట్టుకోండి, రెండోది ఏడాదికి, మూడోది రెండోదాన్ని బట్టి. రెండోది బాగుంటే మూడోదాన్ని ఇంకా ఆపాలని ఆశ పుడుతుంది. నేను ఆ ఆశకు లొంగి పోగొట్టుకున్న సీసాలే ఎక్కువ. వేర్వేరు ఏళ్లవి పక్కపక్కన రుచి చూసేటప్పుడు కొందరు పాతది ముందు పోస్తారు. నేను కొత్తదే ముందు పోస్తాను, పోలికకు అదే కొలబద్ద.

సీసా మెడకు కాగితపు టేపు అంటించి కొన్న నెల, ఏడాది పెన్సిలుతో రాయండి. పెన్ను సిరా ఫ్రిజ్ చెమ్మకు అలుక్కుపోతుంది. మా ఫ్రిజ్‌లో పై అరలో అలా అలుక్కుపోయిన సీసాలు నాలుగున్నాయి, 2018వో 2019వో తెలియదు. సంక్రాంతికి బావగారు మళ్లీ వస్తానన్నారు, ముక్కు ఆయనదే కాబట్టి తేల్చే పని ఆయనకే అప్పగించాను.