నాట్యానికి గాత్రం: కచేరీ గాయకులు అలవరచుకోవలసిన పద్ధతి

కచేరీలో రాణించినవారు నృత్యనాటకానికి కూడా అలాగే పాడవచ్చునని అనుకోవడం సహజమే గాని, అది పొరపాటు. విజయనగరంలో 1919లో నెలకొన్న సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాలైన ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథను తలచుకుంటే తేడా బోధపడుతుంది. కాలికి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి, తానే పాడుతూ తానే ఆడే హరిదాసుకు పాటా అభినయమూ ఒకే ఊపిరి మీద నడుస్తాయి. సత్యభామ కథను ఆడే భామాకలాపం వంటి కూచిపూడి కలాపంలో, అంటే నృత్యనాటకంలో, ఆ పనిని పాత్రధారి, గాయకుడు పంచుకుంటారు; ఆ ఇద్దరూ ఒక్కరేనని చూసేవారికి తోచేలా పాడడమే గాయకుని బాధ్యత.

ముందుగా సాహిత్యాన్ని రాగం లేకుండా, మాట్లాడినట్టుగా చదివి, ఊపిరి తీసుకోవలసిన చోట్లను గుర్తు పెట్టుకోవాలి. ఉదాహరణకు "స్వామి యెంతకు రాడాయె" అనే పంక్తిలో "రా" దగ్గర గొంతు ఆపితే, రాలేదన్న వేదన పోయి రమ్మన్న పిలుపు వినిపిస్తుంది. నాయిక ముఖంలో నిరాశ ఉండి, గాయకుని నోట పిలుపు వస్తే రసం అక్కడే చెడుతుంది.

ఆ తరువాత పాత్రధారితో కూర్చుని, ఏ పంక్తికి ఏ సంచారి (పంక్తి భావాన్ని విస్తరించి చూపే అభినయం) చేయబోతున్నారో అడిగి తెలుసుకోవాలి. పంక్తిని మొదటి రెండుసార్లు సాదాగా, మాట స్పష్టంగా పాడి, అర్థం ప్రేక్షకులకు అందాకనే సంగతులు (అదే పంక్తిని రాగంలో రకరకాలుగా మార్చి పాడడం) వేయాలి. ఆ సంగతులైనా అభినయాన్ని అనుసరించి రావాలి: జడను చూపి గర్వపడే సత్యభామకు స్వరాన్ని ఊపి పలికే నిండైన గమకం నప్పుతుంది గాని, అలిగి ముఖం తిప్పుకున్న సత్యభామకు ఒక్క స్వరం మీద నిలకడే ఎక్కువ చెబుతుంది. తొలినాళ్లలో నేను ఒక ప్రదర్శనలో పుస్తకం చూస్తూ పాడి, సంచారి ముగియకముందే చరణం ఎత్తుకోగా, నటి చేయి గాలిలోనే ఆగిపోయింది. అప్పటినుండి పాఠం కంఠస్థం కానిదే వేదిక ఎక్కలేదు. పాత్రధారి ముఖం కనబడని చోట కూర్చోలేదు.

శ్రుతి (పాటకు ఆధారమైన స్వరస్థాయి) విషయంలో గాయకుడే సర్దుకోవాలి. కలాపంలో పాత్రకు వాచికం, అంటే నోటితో పలికే మాటలు, ఉంటుంది కనుక, మగ గాయకుడు తనకు అనువైన ఒకటిన్నర శ్రుతినే పట్టుబడితే, అంతకన్నా హెచ్చయిన ఐదు శ్రుతికి అలవాటుపడిన నటి గొంతు మాటలలో కుంగిపోతుంది. కేరళ కథకళిలో పాత్రలు మాట్లాడవు; చేంగిల (కర్రతో మోగించే కంచు పళ్లెం) పట్టే ప్రధాన గాయకుడు, ఇలత్తాళం (కంచు తాళాలు) పట్టే రెండవ గాయకుడు సాహిత్యమంతటినీ మోస్తారు. మన సంప్రదాయంలో ఆ భారం తగ్గినా అప్రమత్తత తగ్గదు.

జతి (అడుగులకు పలికే లయ మాటల వరుస) నడిచేటప్పుడు గాయకుడు చేతితో తాళం వేస్తూ, తాళాలతో ఆటను నడిపే నట్టువాంగం తీర్మానం (ముగింపు వరుస) ముగిసిన చోటే పాట ఎత్తుగడను అందుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆడే తూర్పు భాగవతమనే నృత్యనాటకంలో మద్దెల జోరు ఎక్కువ. దానితో పోటీపడి అరవక, మద్దెల తగ్గిన చోట మాటను నిలపాలి. ఇక సత్యభామ లేఖ చదివేటప్పుడు ఆలాపన వద్దు. తంబుర మాత్రమే మోగనివ్వాలి. ఆమె చివరి మాట పలికాక, తరువాతి దరువు (పాత్ర పాట) తొలి స్వరాన్ని మెల్లగా అందించాలి.