టాపెట్ ఎన్నిసార్లు సెట్ చేసినా మళ్లీ టకటక: పాత ట్రాక్టర్‌లో క్యామ్ షాఫ్ట్ అరిగితే

సమస్య

చెరుకు లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు బండి లాగదు, సైలెన్సర్ నల్లపొగ కక్కుతుంది. టాపెట్ సెట్ చేస్తే, అంటే రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందు సరిచేస్తే, నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ టకటక. వాల్వు తెరుచుకునే వరస ఇది: తిరిగే క్యామ్ షాఫ్ట్ మీది ఉబ్బు (క్యామ్, లోబ్ అంటే ఇదే) టాపెట్‌ను లేపుతుంది, టాపెట్ పుష్ రాడ్‌ను, పుష్ రాడ్ రాకర్‌ను లేపుతాయి, రాకర్ వాల్వును నొక్కుతుంది. ఎయిర్ క్లీనర్ గొట్టంలోంచి "ఫప్ ఫప్" అని ఎదురు తంతుంటే అనుమానం ఎగ్జాస్ట్ క్యామ్ మీదే: కాలిన పొగ పూర్తిగా బయటికి పోక, ఇన్‌లెట్ తెరుచుకోగానే అటు తంతుంది. తన్నకుండా నల్లపొగ మాత్రమే ఉంటే ఇన్‌లెట్ క్యామ్ చూడాలి, గాలి చాలడం లేదు. ఇలాంటప్పుడు అందరి చెయ్యీ ముందు డీజిల్ పంపు మీదికే పోతుంది. పంపు విప్పకముందు రాకర్ కవర్ విప్పండి.

కారణం పట్టుకోవడం

టాపెట్ గ్యాప్ తగ్గుతూ వస్తుంటే వాల్వు సీటులోకి దిగుతోంది, క్యామ్ జోలికి పోనక్కర్లేదు. పెరుగుతూ వస్తుంటే రాకర్ మొన, పుష్ రాడ్, టాపెట్, క్యామ్, ఈ నాలుగింటిలో ఏదో అరుగుతోంది. రాకర్ మొన గుంటపడితే ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) ఆ గుంట మీద వంతెనలా నిలుస్తుంది, అసలు గ్యాప్ తెలియదు.

తేల్చుకోవాలంటే రాకర్ షాఫ్ట్ తీసి, ఇంజెక్టర్లు విప్పి, పుష్ రాడ్ తల మీద డయల్ గేజ్ (ఎంత లేచిందో ముల్లుతో చూపే గేజ్) పెట్టి ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. క్యామ్ తిరిగేది అందులో సగమే కాబట్టి రెండు చుట్లూ కావాలి. ఇన్‌లెట్లను ఇన్‌లెట్లతో, ఎగ్జాస్ట్‌లను ఎగ్జాస్ట్‌లతో పోల్చండి. ఏదైనా ఒకటి అర మిల్లీమీటరు తక్కువ లేస్తే క్యామ్ గానీ టాపెట్ గానీ పోయినట్టే. స్క్రూ తిప్పితే గ్యాప్ వస్తుంది గానీ, పోయిన ఎత్తు రాదు.

ఎందుకు అరుగుతుంది? లిఫ్ట్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే పంపు) లోపలి పొర, డయాఫ్రమ్, చిరిగి డీజిల్ ఆయిల్‌లో కలవడం ఒకటి. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగితే సంతోషపడకండి, వాసన చూడండి. ఎండాకాలం దున్నేటప్పుడు లేచే ఎర్రమట్టి దుమ్ము పగిలిన ఎయిర్ క్లీనర్ గొట్టంలోంచి లోపలికి పోవడం ఇంకొకటి.

పరిష్కారం

మాసీ 1035 లాంటి బండ్లలో టాపెట్ అడుగు పుట్టగొడుగులా వెడల్పుగా ఉంటుంది, పైకి రాదు, క్యామ్ తీశాక కింది నుంచే రావాలి. దానికి సంప్, అంటే ఆయిల్ చాంబర్, విప్పాలి. అది పోత ఇనుముది, బండి బరువు మోసేది. ఇంజన్ బండిలో ఉండగానే దాన్ని విప్పితే బండి నడుమ విరిగినట్టు కుంగుతుంది. అందుకే ముందువైపు యాక్సిల్‌ను జరిపి, వెనక క్లచ్ హౌసింగ్ దగ్గర విడదీసి, ఇంజన్‌ను దించాలి. రాకర్లు, పుష్ రాడ్లు తీసి (ఏది ఎక్కడిదో వరసగా పెట్టుకోండి) ఇంజన్‌ను తలకిందులు చేస్తే టాపెట్లు బరువుకి వెనక్కి జారి క్యామ్‌కు దారిస్తాయి. హెడ్ విప్పనక్కర్లేదు.

టైమింగ్ గేర్ల (క్యామ్‌ను తిప్పే గేర్ల) గుర్తులు కలిపి, ఫోటో తీసుకున్నాకే గేరు విప్పండి. గుర్తు కనిపించకపోతే పెయింటు చుక్క పెట్టండి. ఒక్క పన్ను తప్పితే వాల్వు పిస్టన్‌కు తగలొచ్చు. షాఫ్ట్‌ను తిప్పుతూ మెల్లగా లాగండి, బుష్‌లకు గీతలు పడకుండా.

డబ్బు మిగులుతుందని కొత్త క్యామ్‌కు పాత టాపెట్లు పెట్టకండి. గుంటపడిన టాపెట్ కొత్త క్యామ్‌ను కొద్ది గంటల్లోనే గీకేస్తుంది. వెల్డింగ్ పోసి లేత్ మీద అరగదీసిన క్యామ్‌ను మేము సిఫార్సు చెయ్యం, గట్టిదనం ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు.

బిగించేటప్పుడు క్యామ్ లోబ్‌లకూ టాపెట్ ముఖాలకూ మాలిబ్డినం పేస్టు రాయండి. కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్. గ్యాప్ మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్నంతే పెట్టండి. పాత పెర్కిన్స్ మూడు సిలిండర్ల రకానికి చల్లగా ఉన్నప్పుడు 0.30 మి.మీ. స్టాప్ నాబ్ లాగిపెట్టి, ఆయిల్ ప్రెషర్ ముల్లు కదిలేదాకా స్టార్టర్‌ను ఆగి ఆగి తిప్పండి. డీజిల్ లైన్‌లో గాలి తీసి స్టార్ట్ చేశాక స్లోలో వదలకండి. 1200 నుంచి 1500 ఆర్‌పీఎంలో 20 నిమిషాలు నడిపితే లోబ్‌ల మీదికి ఆయిల్ చిమ్ముతుంది.

20 గంటల పని తర్వాత గ్యాప్ మళ్లీ చూడండి. 50 గంటలకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి మడతల్లో ఇనుప రజను ఉందేమో అయస్కాంతం పెట్టి చూడండి.