టోర్నమెంట్ మీద డ్రోన్ ఎగరేయాలా? దరఖాస్తు ఎలా పెట్టాలి, ఎక్కడ ఆగిపోతోంది

పోయిన ఎండాకాలం హన్మకొండకు కొంచెం దూరంలో ఒక ఊళ్లో టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంట్ ఫైనల్. ఇంకా టాస్ కూడా వేయలేదు, వీడియో తీసే పిల్లగాడి డ్రోన్ అప్పటికే పోలీసు జీపులో ఉంది. "పర్మిషన్ ఉంది సార్" అంటూ బ్యాగులోంచి లామినేషన్ చేసిన కాగితం తీశాడు. ఆకుపచ్చ రంగు మ్యాపు, మధ్యలో ఒక పిన్ను గుర్తు, కింద చదవరాని రబ్బరు స్టాంపు. ఎస్సై దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మ్యాపు కదరా, పర్మిషన్ ఏది?" అన్నాడు. ఆ కాగితం కోసం పిల్లగాడు ఒక బ్రోకర్‌కు 4,000 రూపాయలు కట్టాడు. అదే మ్యాపు ఎవరి ఫోన్‌లోనైనా పైసా ఖర్చు లేకుండా కనిపిస్తుంది.

నాది నెట్ సెంటర్. ఆ తర్వాత ఇలాంటి కాగితాలు పట్టుకుని నా దగ్గరికి ఇంకో ముగ్గురు వచ్చారు. అందుకే ఇది రాస్తున్నా.

ముందు తేలిక పనులు చెప్పేస్తాను. డ్రోన్‌కు యూఐఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, బండికి నంబర్ ప్లేటు లాగా. కేంద్ర పౌర విమానయాన సంస్థ డీజీసీఏ పోర్టల్‌లోనే తీసుకోవాలి, ఫీజు 100 రూపాయలు. డబ్బు తీసుకుని చేసే షూటింగ్ అయితే, 250 గ్రాములు దాటిన డ్రోన్ నడిపే మనిషికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, డీజీసీఏ గుర్తింపు ఉన్న కేంద్రంలో ట్రైనింగ్ తీసుకుంటే అది వస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. ఇంతకుముందు దీనికి పాస్‌పోర్టు అడిగేవారు. 2023లో ఆ నిబంధన తీసేశారు, ఓటరు కార్డు, రేషన్ కార్డు లాంటివి చాలు. "పాస్‌పోర్టు లేదా? నేను మేనేజ్ చేస్తా" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నానో డ్రోన్ (250 గ్రాములు దాటనిది) తప్ప మిగతా వాటికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది. కాబట్టి దుబాయ్ నుంచి బావ సంచిలో తెచ్చిన డ్రోన్‌కు కాగితాలు పుట్టించడం ఎవరివల్లా కాదు, డబ్బులు పారేసుకోకండి.

ఇక మ్యాపు, అంటే ఎక్కడ ఎగరేయొచ్చో రంగుల్లో చూపించే డీజీసీఏ వారి డిజిటల్ స్కై మ్యాపు. 2021 డ్రోన్ రూల్స్ దేశం మొత్తాన్ని గ్రీన్, యెల్లో, రెడ్ జోన్లుగా విడగొట్టాయి. యెల్లో, రెడ్‌లో అనుమతి లేనిదే ఎగరేయకూడదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకు ఎగరేయడానికి విడిగా అనుమతి అక్కర్లేదు. నడుస్తున్న ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 కిలోమీటర్ల లోపు అయితే ఆ ఎత్తు 200 అడుగులకు తగ్గుతుంది. వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టు పనులు కదులుతున్న కొద్దీ మన చుట్టుపక్కల రంగులు మారవచ్చు. పోయినేడు తీసిన స్క్రీన్‌షాట్‌ను నమ్ముకోవద్దు.

మనవాళ్లు బోల్తా పడేది సరిగ్గా ఈ గ్రీన్ జోన్ దగ్గరే. మామూలు రోజున ఆ మైదానం గ్రీనే. పంటకు మందు కొట్టినా, పొలం వీడియో తీసినా ఎవరూ అడగరు. కానీ ఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి ఎవరైనా, అవసరం అనుకుంటే, ఒక ప్రాంతాన్ని ఒక్కసారికి 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. అది మ్యాపులో కూడా పెడతారు. ఇది కాక, బీఎన్ఎస్ఎస్ 163 కింద (పాత 144 సెక్షన్ అంటే అందరికీ తెలుస్తుంది) డ్రోన్లు ఎగరేయొద్దని విడిగా ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఈ ఉత్తర్వు కోసం మ్యాపులో వెతికితే దొరుకుతుందన్న నమ్మకం లేదు. పేపర్లో చిన్న వార్తగా రావచ్చు, లేదంటే స్టేషన్‌లో అడిగితేనే తెలుస్తుంది. మంత్రిగారు బహుమతులు ఇవ్వడానికి వస్తున్నారని ముందురోజు రాత్రి ఖరారైందంటే, నిన్నటి గ్రీన్‌ను లెక్కలోంచి తీసేయండి.

"మన ఊరి టోర్నమెంట్ మీద ఎవడు దాడి చేస్తాడన్నా?" అని ఆ పిల్లగాడే నన్ను అడిగాడు. పోలీసుల లెక్క వేరు. 2014లో బెల్‌గ్రేడ్‌లో సెర్బియా, అల్బేనియా ఫుట్‌బాల్ మ్యాచ్ మీదికి ఒక డ్రోన్ జెండా వేలాడదీసుకుని వచ్చింది. దాని కోసం ఆటగాళ్లు కొట్టుకున్నారు, జనం మైదానంలోకి దూకారు, మ్యాచ్ ఆగిపోయింది. అక్కడ పేలిందేమీ లేదు, వేలాడింది ఒక గుడ్డ. మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఇటలీలో మంచు మీద స్కీయింగ్ పోటీ జరుగుతుంటే, టీవీ కోసం తీస్తున్న కెమెరా డ్రోనే మార్సెల్ హిర్షర్ అనే ఆటగాడి వెనక కూలింది. వెంట్రుకవాసిలో బతికాడు. అది అనుమతి తీసుకుని ఎగిరిన డ్రోన్. 2024 పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం రాత్రి, నగరం చుట్టూ 150 కిలోమీటర్ల మేర గగనతలమే మూసేశారు. అమెరికాలో 30,000 మంది, అంతకుమించి పట్టే స్టేడియాల్లో పెద్ద లీగ్ మ్యాచ్‌లు ఉంటే, ఆటకు గంట ముందు నుంచి ఆట అయ్యాక గంట దాకా చుట్టూ 3 నాటికల్ మైళ్లు, పైకి 3,000 అడుగులు ఎవరూ ఎగరేయకూడదు.

మన దగ్గర అంత ఉండదు. హన్మకొండ జేఎన్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియంలో 2021 సెప్టెంబర్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినట్టు ఎప్పుడో ఒకసారి పెద్ద పోటీ వస్తుంది, మిగతావన్నీ ఊరి ఆటలే. అయినా బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్‌కు ఆకాశంలో రెండు డ్రోన్లు కనిపిస్తే ఏది ఎవరిదో తెలియాలి కదా. ఆయన అడిగే కాగితం దానికోసమే.

ఆ కాగితం పేరు గొప్పదేమీ కాదు, ఒక అర్జీ, దాని మీద వచ్చే లిఖిత అనుమతి. అది ఎవరి పేరిట రాయాలన్న దగ్గరే సగం మంది తప్పుతున్నారు. హన్మకొండ, వరంగల్, జనగామ జిల్లాలకు వరంగల్ పోలీస్ కమిషనర్. భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్‌కు ఆయా ఎస్పీలు. కరీంనగర్‌కు అక్కడి కమిషనర్. పెద్దపల్లి, మంచిర్యాలకు రామగుండం కమిషనర్. రేగొండ వాళ్లు అలవాటుగా వరంగల్ కమిషనర్‌కు రాసుకొస్తారు, వాళ్లది భూపాలపల్లి ఎస్పీ పరిధి. కమలాపూర్‌ది ఇంకో తిరకాసు, నియోజకవర్గం హుజూరాబాదే అయినా పోలీసులు వరంగల్ కమిషనరేట్. అనుమానం ఉంటే మీ ఊరి స్టేషన్ బోర్డు మీద ఏ కమిషనరేట్ అని రాసి ఉందో చూడండి, అంతకంటే పక్కా ఆధారం లేదు.

అర్జీలో ఏం రాయాలి? "టోర్నమెంట్ సందర్భంగా డ్రోన్‌కు అనుమతి ఇవ్వగలరని మనవి" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టినవి నేను చాలా చూశాను. వాటిని చూసి ఎవరూ అనుమతి ఇవ్వలేరు, ఇవ్వకపోవడం తప్పూ కాదు. ఇలా రాయండి: "ఫలానా తేదీన, ఫలానా పాఠశాల మైదానంలో, ఉదయం 9 నుంచి 9.20 వరకు, మళ్లీ సాయంత్రం 4.30 నుంచి 4.45 వరకు, 100 అడుగుల ఎత్తు మించకుండా, మైదానానికి ఉత్తరం వైపు ఖాళీ స్థలం నుంచి ఒకే ఒక డ్రోన్ ఎగరేస్తాము. ప్రేక్షకుల తలల మీదుగా తీసుకెళ్లము. పోలీసువారు దించమంటే వెంటనే దించుతాము." కింద పైలట్ పేరు, ఫోన్ నంబర్, సర్టిఫికెట్ నంబర్, డ్రోన్ మోడల్, యూఐఎన్, సీరియల్ నంబర్. రోజంతా అని అడిగితే ఒప్పుకోరు. ఇరవై నిమిషాలు అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. వీడియోకు కావాల్సింది కూడా అంతే, బ్యాటరీ అంతకంటే ఎక్కువసేపు రాదు కూడా.

సీరియల్ నంబర్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. డబ్బా మీద ఒక స్టిక్కర్, రిమోట్ వెనక ఒక స్టిక్కర్, బ్యాటరీ మీద ఇంకొకటి ఉంటాయి. మొన్న ఒకతను రిమోట్ నంబర్ రాసుకొచ్చాడు. యూఐఎన్ కాగితంలో ఉన్నది డ్రోన్ నంబర్. రెండూ కలవలేదు, అర్జీ వెనక్కి వచ్చింది, ఆలోపు సెమీ ఫైనల్ కూడా అయిపోయింది. చాలా మోడళ్లలో బ్యాటరీ తీస్తే లోపల డ్రోన్ ఒంటి మీదే సన్నటి అక్షరాల్లో అసలు నంబర్ ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసి, జూమ్ చేసి, యూఐఎన్ కాగితం పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. సున్నాను ఇంగ్లిష్ ఓ అక్షరంగా రాసేవాళ్లు ఎక్కువ.

దీనికి జత చేయాల్సినవి యూఐఎన్, పైలట్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్, ఆధార్ జిరాక్సులు, మైదానం వారి అంగీకార పత్రం. బడి మైదానమైతే హెడ్మాస్టర్, కాలేజీదైతే ప్రిన్సిపాల్ ఇస్తారు. నిర్వాహకుల లెటర్ హెడ్ మీద "వీడియో బాధ్యత ఇతనికి అప్పగించాము" అని ఒక లేఖ కూడా పెట్టండి. ఇది ఎవరూ అడగకపోవచ్చు, కానీ ఉంటే పని త్వరగా అవుతుంది. మూడు సెట్లు తీసి, ఒకటి మీ ఊరి స్టేషన్‌లో కూడా ఇవ్వండి. పైనుంచి విచారణకు వచ్చేది వాళ్లకే. మీ కాపీ మీద ఇన్‌వార్డ్ నంబర్, తేదీ వేయించుకోండి. కనీసం వారం, పది రోజుల ముందు పెట్టండి. మైకు పర్మిషన్ కోసం ఎలాగూ వెళ్తారు, అదే రోజు ఇదీ ఇచ్చేస్తే ఇంకో తిరుగుడు తప్పుతుంది. ఇన్‌వార్డ్ ముద్ర పడిన కాపీ అనుమతి కాదు. అర్జీ ఇచ్చారనడానికి అది రసీదు, అంతే. దాన్ని చూపించి ఎగరేస్తే లామినేషన్ పిల్లగాడి గతే పడుతుంది.

నిర్వాహకులకు కూడా ఒక మాట. మీ పోటీ పెద్దది, జనం వేలల్లో వస్తారు, ముక్కూ మొహం తెలియని డ్రోన్లు వద్దనుకుంటే, ఆ సంగతి మీ బందోబస్తు అర్జీలోనే రాసి తాత్కాలిక ఆంక్ష కోరండి. మీరు పెట్టుకున్న డ్రోన్ వివరాలు అందులోనే ఇవ్వండి, లేకపోతే ఆ ఆంక్ష మొదట మీ కెమెరామెన్ మీదే పడుతుంది. ఆన్‌లైన్‌లో జామర్ కొంటామని ఒక కమిటీ వాళ్లు నన్ను సలహా అడిగారు. కొనకండి. ప్రైవేటు వ్యక్తులు జామర్ పెట్టడం చట్టవిరుద్ధం, పైగా సిగ్నల్ తెగిన డ్రోన్ ఎవరి నెత్తిన పడుతుందో ఎవరూ చెప్పలేరు. రాళ్లు విసరడం కూడా అంతే. ఎగరేసేవాడు సాధారణంగా దగ్గర్లోనే ఏ మేడ మీదో, చెట్టు నీడలోనో రిమోట్ పట్టుకుని ఉంటాడు. పైకి చూడటం మాని చుట్టూ చూడండి, దొరికితే పోలీసులకు చూపించండి.

అనుమతి చేతికొచ్చినా ఆటరోజు పొద్దున్నే మ్యాపు మళ్లీ చూడాలి, రూల్స్ ప్రకారం అది పైలట్ బాధ్యతే. తర్వాత డ్యూటీలో ఉన్న ఎస్సైని కలిసి అనుమతి కాగితం, డ్రోన్ రెండూ చూపించి, ఎక్కడి నుంచి లేపుతారో చెప్పండి. ఆయన వద్దంటే వాదించకండి, పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చి ఉండవచ్చు. డ్రోన్ రూల్స్ కింద జరిమానా లక్ష రూపాయల దాకా ఉంది, పోలీసు ఉత్తర్వు మీరితే బీఎన్ఎస్ 223 (పాత ఐపీసీ 188) కింద కేసు విడిగా పెట్టవచ్చు.

డ్రోన్ తీసుకెళ్లారే అనుకుందాం. టెన్షన్ పడి ఎవరికో డబ్బులిచ్చి విడిపించుకోవాలని చూడకండి. ఏం స్వాధీనం చేసుకున్నారో సీరియల్ నంబర్‌తో సహా రాసిన కాగితం అడగండి, మెమరీ కార్డు లోపలే ఉంటే అదీ రాయించండి. కేసు నమోదైతే డ్రోన్ కోర్టు ద్వారా తిరిగి వస్తుంది, అప్పుడు ఆ కాగితమూ యూఐఎన్ కాగితమూ కలిస్తేనే అది మీదని తేలుతుంది. లామినేషన్ పిల్లగాడి డ్రోన్ నెలన్నర తర్వాత వచ్చింది. మెమరీ కార్డు సంగతి మాత్రం ఆ కాగితంలో ఎవరూ రాయించలేదు.