రెండు సంస్థల మధ్య ఫైళ్లు: ఏ దారిన పంపాలి?

అనంతపురంలోని ఒక డయాగ్నస్టిక్ సెంటరు కర్నూలులోని ఆసుపత్రికి రిపోర్టులు, స్కాన్లు పంపాలనుకుందాం. చాలాచోట్ల వాట్సాప్‌తోనో జీమెయిల్‌తోనో కానిచ్చేస్తారు. జీమెయిల్ అటాచ్‌మెంటు 25 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, సీటీ స్కాన్ ఒక్కటే వందల ఎంబీ ఉండొచ్చు. వాట్సాప్‌లో పంపినదైతే ఎవరెవరి సొంత ఫోన్లలో మిగిలిపోయిందో లెక్కే ఉండదు.

ఎంత తరచుగా పంపుతారు, అందినట్టు రుజువు కావాలా అన్నవి ముందు తేల్చుకోండి. నెలకో ఫైలుకు సర్వర్ పెట్టడం దండగ. సెవెన్-జిప్ అనే ప్రోగ్రాంలో ఏఈఎస్-256 (గట్టి ఎన్‌క్రిప్షన్ పద్ధతి)తో పాస్‌వర్డ్ పెట్టి, ఫైలును క్లౌడ్ డ్రైవ్‌లో ఎక్కించి, దాని లింకు మెయిల్లో పంపి, పాస్‌వర్డ్ ఫోన్లో చెబితే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: జిప్ ఫార్మాట్‌లో పాస్‌వర్డ్ ఉన్నా లోపలి ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. ఫైలు పేరే పేషెంటు పేరైతే గుట్టు అక్కడే రట్టు. 7జెడ్ ఫార్మాట్ ఎంచుకుని, పేర్లను కూడా ఎన్‌క్రిప్ట్ చేసే గడిలో టిక్ పెట్టండి.

రోజువారీ పనికి ఎస్‌ఎఫ్‌టీపీ, అంటే ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి సర్వర్‌కు చేరవేసే పద్ధతి. పాత ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్‌తో సహా అంతా పోస్టుకార్డులా బాహాటంగా పోతుంది. దానికే ఎన్‌క్రిప్షన్ జోడించిన ఎఫ్‌టీపీఎస్ పర్లేదు గానీ డేటాకు విడిగా పోర్టులు (కనెక్షన్ల ద్వారాలు) అడుగుతుంది, ఫైర్‌వాల్ దగ్గర తలనొప్పి. ఎస్‌ఎఫ్‌టీపీకి పోర్టు 22 ఒక్కటి చాలు. ఆర్డర్లు, ఇన్‌వాయిస్‌ల విషయంలో రేపు "మాకు అందలేదు" అనే మాట రాకూడదంటే సంస్థల మధ్య వ్యాపార పత్రాలు పంపే ఏఎస్2 పద్ధతి చూడండి, అవతలి సర్వర్ సంతకం చేసిన రసీదు పంపేలా పెట్టుకోవచ్చు.

ఎస్‌ఎఫ్‌టీపీ లాగిన్‌కు పంపేవాళ్లు ఈడీ25519 రకం కీ జతను (ఒకటి పబ్లిక్, ఒకటి రహస్యంగా ఉంచే ప్రైవేటు) తమ కంప్యూటర్లోనే తయారు చేసుకుని పబ్లిక్ కీ మాత్రమే ఇవ్వాలి. ప్రైవేటు కీని ఎవరైనా మెయిల్ చేశారంటే ఆ జత పారేసి కొత్తది చేయించండి. మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు కనిపించే సర్వర్ ఫింగర్‌ప్రింట్‌ను (దాని గుర్తింపు కోడ్‌ను), 'యస్' కొట్టేముందే ఫోన్లో అవతలివాళ్లతో సరిచూసుకోవాలి.

ప్రతి సంస్థకూ వేరే ఖాతా ఇచ్చి, దాన్ని తన ఫోల్డరు దాటనివ్వకండి. అందరూ తడబడేది ఇక్కడే. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే సర్వర్ ప్రోగ్రాంలో, ఖాతాను కట్టడి చేసిన ఆ పై ఫోల్డరు రూట్ (సర్వర్ అడ్మిన్ ఖాతా) పేరిట ఉండాలి, ఇంకెవరికీ రాసే హక్కు ఉండకూడదు. లేదంటే కీ సరిగ్గా ఉన్నా లాగిన్ వెంటనే తెగిపోతుంది, తప్పు కీదేనేమో అని గంటలు గడిచిపోతాయి. రాసే హక్కు లోపలి 'అప్‌లోడ్' ఫోల్డరుకే ఇవ్వండి.

ఫలానా ఐపీ అడ్రసు నుంచే కనెక్షన్ రానిచ్చేలా కట్టడి చేస్తే, పంపేచోట స్టాటిక్ (మారని) ఐపీ తీసుకోండి. మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో కరెంటు పోయొస్తే ఐపీ మారి ఫైళ్లు ఆగిపోవచ్చు.

ఫైలు ఎక్కుతుండగానే అవతలి ప్రోగ్రాం సగం ముక్క తీసేసుకోవడం మామూలు గొడవ. '.పార్ట్' పేరుతో ఎక్కించి, పూర్తయ్యాక పేరు మార్చండి.

2023లో మూవిట్ ట్రాన్స్‌ఫర్ అనే ఫైళ్ల బదిలీ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని వాడుకుని క్లాప్ అనే సైబర్ ముఠా వందల సంస్థల ఫైళ్లు ఎత్తుకెళ్లింది. పని అయిపోయినా సర్వర్‌లో పడి ఉన్నవీ ఇలాంటప్పుడు పోతాయి. కాబట్టి అవతలివాళ్లు తీసుకున్న ఫైలు వారంలో దానంతటదే చెరిగిపోయేలా పెట్టండి. లాగులు (సర్వర్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న రికార్డులు) మాత్రం చెరపకండి: కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం అవి 180 రోజులు ఉండాలి, చొరబాటు తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి.