సైకిల్ మీద వణుకుతున్నారా? జాకెట్ సంగతి తర్వాత, ముందు లోపలి పొర చూడండి

చలికాలం వచ్చినా, ముసురు పట్టినా, సైకిల్ తొక్కే ఆడవాళ్లకి అందరూ చెప్పే మాట ఒకటే, "మంచి జాకెట్ కొనుక్కో" అని. వేలకి వేలు పోసి కొన్నాక కూడా వణుకు తగ్గదు, పైగా లోపల ఉడుకు. ఎందుకంటే సైకిల్ మీద మనల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది మన చెమటే. తొక్కేటప్పుడు ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిలో సుమారు 20 నుంచి 25 శాతమే పెడల్‌కి చేరుతుంది, మిగతాదంతా వేడి. ఆ వేడికి పట్టిన చెమటని బయటికి పోనివ్వని బట్ట ఎంత ఖరీదైనదైనా అరగంటలో తడిసి ఒంటికి అతుక్కుంటుంది. అందుకే కింద ప్రతి సమస్యలోనూ ముందు ఒంటికి ఆనుకున్న బట్ట సంగతి చూసి, అక్కడ తేలకపోతేనే పై పొరలకి వస్తాను.

ఎక్కేటప్పుడు హాయిగా ఉంది, దిగేటప్పుడు పళ్లు టకటకలాడుతున్నాయి

డిసెంబర్, జనవరిల్లో విశాఖ నుంచి అరకు తొక్కినవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. ఎస్.కోట దాకా మైదానం, బొడ్డవర దాటాక ఘాట్, గాలికొండ దగ్గరికొచ్చేసరికి వెయ్యి మీటర్ల ఎత్తు దాటేస్తాం. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు పడిపోతుంది కానీ, ఎక్కుతున్న వేడిలో అది మనకి తెలియను కూడా తెలియదు. పైన ఆగి, ఫొటోలు దిగి, టీ తాగి, అరకు వైపు దిగడం మొదలుపెట్టాక గంటకి 40 కిలోమీటర్ల వేగంతో గాలి తడి బట్టకి కొడుతుంది, పెడల్ తొక్కే పని ఉండదు కాబట్టి ఒంట్లో వేడీ పుట్టదు. అన్నీ ఒకేసారి మీద పడతాయి.

వీటికి తోడు ఆడవాళ్లకి ఇంకొకటి ఉంది, బ్రా. మగవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసిన సలహాల్లో దీని ఊసే ఉండదు. జెర్సీ, అంటే సైకిల్ తొక్కేటప్పుడు వేసుకునే చొక్కా, పల్చగా ఉంటుంది, కాసేపు గాలి తగిలితే ఆరిపోతుంది. బ్రా కాటన్‌దైనా, దళసరి కప్పులున్నదైనా చెమటంతా పీల్చుకుని, గుండెల మీద తడిగుడ్డ వేసినట్టు గంటల తరబడి అలాగే ఉంటుంది. దాని మీద ఎన్ని పొరలు వేసినా ఆ చల్లదనం పోదు. అనుమానం ఉంటే తేల్చుకోవడం తేలిక: దిగాక జెర్సీ అంచుని, బ్రా కింది పట్టీని వేళ్లతో నొక్కి చూడండి. జెర్సీ ఆరిపోయి పట్టీ ఇంకా తడిగా ఉంటే కొత్త జాకెట్ అక్కర్లేదు, బ్రా మార్చాలి.

పాలిస్టర్‌తోనో నైలాన్‌తోనో చేసిన పల్చటిది, కప్పులు లేనిది లేదా తీసేయడానికి వీలున్నది, వీపు వైపు జాలీ ఉన్నది తీసుకోండి. పరుగు కోసం కొన్న గట్టి బ్రాలు రోడ్డు మీద సైకిల్‌కి చాలామందికి అవసరం పడవు, సైకిల్ మీద అంత ఎగుడుదిగుడు కదలిక ఉండదు. రొమ్ములు పెద్దగా ఉన్నవాళ్లకి మాత్రం సపోర్ట్ కావాలి, అది దళసరి స్పాంజ్‌తో కాకుండా వెడల్పాటి భుజం పట్టీలతో, కుదురుగా పట్టి ఉంచే అల్లికతో వచ్చేది చూడండి. ముందు వైపు జిప్ ఉంటే ఇంకా మంచిది, చెమటతో అతుక్కుపోయినదాన్ని తల మీదుగా లాగడం పెద్ద యాతన. దూరం వెళ్తే పొడిది ఒకటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని, పైన బట్టలు మార్చుకునే చోటు దొరికినప్పుడు మార్చుకోండి. ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇంత వెచ్చదనం ఇంకెక్కడా రాదు.

దాని మీద బనియన్ లాంటి, చేతుల్లేని పల్చటి బేస్ లేయర్, దాని మీద నిండా జిప్ ఉన్న జెర్సీ, ఆపైన విండ్ వెస్ట్. ఈ విండ్ వెస్ట్ చేతుల్లేని పల్చటి కోటు, ముందు భాగం గాలిని ఆపుతుంది, వెనక జాలీ ఉంటుంది, మడిస్తే పిడికిట్లో పట్టి జెర్సీ జేబులోకి పోతుంది. మన వాతావరణానికి ఒక్క పై పొరే కొనగలిగితే నేను దీన్నే కొనమంటాను. దీన్ని వణుకు మొదలయ్యాక వేసుకుంటే సగం లాభమే. పైకి చేరి సైకిల్ ఆపగానే, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడే వేసుకోవాలి. అది లేకపోతే టీ కొట్టులో పాత దినపత్రిక అడిగి రెండు మూడు పేజీలు జెర్సీ లోపల గుండెల మీద పరుచుకుని జిప్ వేసేయండి. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసర్లు ఒకప్పుడు ఆల్ప్స్ కొండల మీద నుంచి ఇలాగే దిగేవాళ్లు, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది.

బయల్దేరిన పావుగంటకే ఉడికిపోతున్నాను

హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజామున 14 డిగ్రీలుంటే, తిరిగొచ్చే పదింటికి ఎండ చుర్రుమంటుంది. గుమ్మం దగ్గర నిలబడి వెచ్చగా ఉండేలా బట్టలేసుకుంటే తొక్కేటప్పుడు అవి ఎక్కువైపోతాయి. బయల్దేరినప్పుడు కొంచెం చలిగా అనిపించాలి, పది నిమిషాల్లో సర్దుకుంటుంది. స్వెటర్, కాటన్ హుడీ వద్దు. పొట్టి చేతుల జెర్సీకి ఆర్మ్ స్లీవ్స్ (చేతులకి విడిగా తొడుక్కునే తొడుగులు) తోడైతే సైకిల్ దిగకుండానే మణికట్టు దాకా జార్చుకోవచ్చు, ఎండెక్కాక తీసి జేబులో పెట్టుకోవచ్చు. ఎండ కోసం వేసుకునే పల్చటి స్లీవ్స్, చలి కోసం లోపల నూగు ఉన్నవి వేర్వేరు, కొనేటప్పుడు చూసుకోండి.

జిప్ గురించి ఒక మాట. జెర్సీ నిండా జిప్ ఉన్నా ఆడవాళ్లు చాలామంది దాన్ని కిందికి లాగరు, రోడ్డు మీద ఎవరు ఎలా చూస్తారో అనే టెన్షన్. అప్పుడు ఆ జిప్ ఉండీ లేనట్టే. లోపల మెడ దాకా ఉండే ముదురు రంగు బేస్ లేయర్ వేసుకుంటే జిప్ మొత్తం తెరిచినా ఇబ్బంది ఉండదు.

రెయిన్ జాకెట్ వేసుకున్నా లోపల తడిసిపోతున్నాను

వాన లోపలికి వచ్చిందా, చెమట బయటికి పోలేదా అన్నది ముందు తేల్చాలి. జాకెట్ విప్పి లోపలి వైపు చూడండి. భుజాల కుట్ల దగ్గర, జిప్ వెంట మాత్రమే తడి ఉంటే అది కారడం, కుట్ల మీద లోపల అంటించిన టేపు ఊడిందేమో చూసి మళ్లీ వేయించాలి. వీపంతా, మోచేతుల లోపలంతా సమంగా తడి ఉంటే అది మీ చెమట.

లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్లు అని ఉంటే అది నీటిని ఆపే శక్తి, అంటే ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని బట్ట తట్టుకోగలదో. దాని పక్కన గ్రాముల్లో ఉండే అంకె ఒక చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో ఎంత ఆవిరి బయటికి పోగలదో చెబుతుంది. అయితే జాకెట్ లోపలి గాలి కంటే బయటి గాలి పొడిగా ఉంటేనే ఆ ఆవిరి బయటికి కదులుతుంది. జూలైలో కాకినాడలోనో విజయవాడలోనో, గాలే తడిగా ఉన్నప్పుడు, ఎంత గొప్ప జాకెటైనా పెద్దగా చేయగలిగింది లేదు. కాబట్టి 26, 27 డిగ్రీల వానలో చదును రోడ్డు మీద జాకెట్ వేసుకోకండి. పల్చటి సింథటిక్ జెర్సీతో తడవండి, కదులుతున్నంతసేపూ వెచ్చగానే ఉంటారు, వాన తగ్గాక త్వరగానే ఆరతారు. ఆగినప్పుడు, దిగుడులో, జోరుగాలిలో మాత్రం జాకెట్ వేసుకోండి. చంకల కింద జిప్‌లున్నది దొరికితే వాటిని తెరిచే ఉంచండి. తడిస్తే ఒంటికి అతుక్కునే లేత రంగు జెర్సీలు వానాకాలానికి వద్దు, ఇంట్లో ఒకసారి తడిపి చూసుకున్నాకే వేసుకోండి.

పోయినేడు జాకెట్ మీద నీళ్లు ముత్యాల్లా జారేవి, ఇప్పుడు పీల్చుకుంటోంది

జాకెట్ పాడవలేదు, పైన ఉండే నీటిని జార్చే పూత మురికితో, సబ్బు జిడ్డుతో పనిచేయడం మానేసింది. ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడి ఉంటే అదే పెద్ద కారణం. ద్రవ డిటర్జెంట్ కొంచెమే వేసి ఉతికి, రెండు మూడుసార్లు మంచి నీళ్లలో జాడించండి. ఆరాక, లేబుల్ మీద ఇస్త్రీ గుర్తు ఉంటేనే, పల్చటి గుడ్డ పరిచి తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి, ఆ వేడికి పూత చాలావరకు మళ్లీ పనిచేస్తుంది. అప్పటికీ పీల్చుకుంటే ఆ పూతని మళ్లీ వేసే స్ప్రే కొని కొట్టాలి.

బాత్రూమ్‌కి వెళ్లాలంటే మూడు పొరలు విప్పాలి, అందుకని నీళ్లే తాగడం లేదు

ఇది చాలా బాధ కలిగించే విషయం, చాలామంది ఆడవాళ్లు చేస్తున్న పనీ ఇదే. మన హైవేల మీద శుభ్రమైన టాయిలెట్ దొరకడమే కష్టం, దొరికినచోట బిబ్ షార్ట్స్ (భుజాల మీదుగా పట్టీలుండే సైకిల్ షార్ట్స్) భుజం పట్టీల కోసం వెస్ట్, జెర్సీ అన్నీ విప్పి ఎక్కడ తగిలించాలో తెలియదు. నీళ్లు తాగకపోతే తలనొప్పి, నీరసం, మూత్రంలో మంట. తప్పు మీది కాదు, బట్టలది. నడుము దగ్గర వెడల్పాటి పట్టీ ఉన్న మామూలు ప్యాడెడ్ షార్ట్స్‌కి (కూర్చునే చోట మెత్త కుట్టినవి) మారండి. బేస్ లేయర్ పొడుగ్గా ఉన్నది తీసుకుని షార్ట్స్ లోపలికి దోపుకుంటే, ముందుకి వంగినప్పుడు నడుము వెనక గాలి తగలదు. బిబ్సే ఇష్టమైతే వెనక క్లిప్ ఊడదీసే రకమో, మెడకి ఒకే పట్టీ ఉండే రకమో ఆడవాళ్ల కోసం వస్తున్నాయి, పై పొరలు విప్పకుండానే పని జరుగుతుంది.

తడి రోజున తొక్కితే తొడల దగ్గర ఒరిపిడి, కురుపులు

ప్యాడెడ్ షార్ట్స్ లోపల అండర్‌వేర్ వేసుకుంటున్నారా? ముందు అది మానేయండి. ఆ కుట్టు తడిగా ఉన్నప్పుడే చర్మాన్ని కోస్తుంది. ప్యాడ్ ఆడవాళ్ల కొలతలకి చేసినదై ఉండాలి, మనకి కూర్చునే ఎముకల మధ్య దూరం సాధారణంగా కొంచెం ఎక్కువ. బయల్దేరేముందు ఒరిపిడి తగ్గించే క్రీమ్ రాసుకోండి. ఇంటికి రాగానే ఆ షార్ట్స్‌తోనే కాఫీ కలుపుతూ కూర్చోకుండా వెంటనే విప్పేయండి, తడి ప్యాడ్‌లో ఫంగస్ సులువుగా పెరుగుతుంది. ఉతికాక తిరగేసి ఎండలో ఆరేయండి, సిగ్గుపడి బాత్రూమ్‌లో ఆరేస్తే వానాకాలంలో రెండు రోజులైనా ఆరవు. షార్ట్స్ ఒక్కటే వేసుకోవడం ఇష్టం లేకపోతే పైన సన్నటి లెగ్గింగ్స్ వేసుకోవచ్చు. చీలమండ దగ్గర వదులుగా ఉండే ప్యాంటు, చున్నీ మాత్రం వద్దు, చైన్‌లో పడితే ప్రాణం మీదికి వస్తుంది. నెలసరి రోజుల్లో శానిటరీ ప్యాడ్ ఒరుసుకుపోతుంటే మెన్‌స్ట్రువల్ కప్ వాడి చూడండి, ముందు ఇంటి దగ్గర తక్కువ దూరం తొక్కి.

వేళ్లు కొంకర్లు పోతున్నాయి, బ్రేక్ అందడం లేదు

ఒళ్లు చల్లబడగానే రక్తం మొదట వేళ్లకి తగ్గుతుంది, కాబట్టి గుండెల దగ్గర తడి తీసేస్తే చేతులు కూడా సగం బాగుపడతాయి. అప్పటికీ తగ్గకపోతే వేళ్లన్నీ మూసే పల్చటి గ్లవ్స్ వేసుకోండి, బిగుతు వద్దు. లంబసింగి, పాడేరు వైపు జనవరిలో వెళ్లేవాళ్లు మోకాళ్లు కూడా కప్పుకోవాలి. హెల్మెట్ కింద పల్చటి టోపీ పెట్టుకుంటే చెవులకి గాలి తగలదు, అయితే జడ కిందకి వేసుకోండి, ముడి వేస్తే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు.

షాపులో సరిపోయింది, సైకిల్ మీద పైకి పాకుతోంది

ట్రయల్ రూమ్‌లో నిటారుగా నిలబడి చూసుకుంటే ఇలాగే అవుతుంది. హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకి వంగి, చేతులు చాపి చూడండి. వీపు కనబడకూడదు, మణికట్టు బయటపడకూడదు. మగవాళ్ల సైజులో చిన్నది కొంటే భుజాల దగ్గర వదులు, తుంటి దగ్గర బిగుతు, అందుకే అది పైకి పాకుతుంది. పై పొరని లోపలి పొరలు వేసుకునే కొలత చూసుకోవాలి, ఒట్టి టీషర్ట్ మీద కాదు. రంగు దగ్గర మాత్రం రాజీ పడకండి, షాపులో నలుపు ఎంత బాగున్నా ముసురులో, తెల్లవారుజామున లారీ డ్రైవర్‌కి కనబడేది నిమ్మపండు పసుపు, నారింజ, వెనక వెలుగు పడితే మెరిసే పట్టీ.