చీరల ఫొటోలు ఇంట్లోనే, 4వ పాఠం: కెమెరాని కంప్యూటర్‌కి కట్టేద్దాం

పోయిన పాఠంలో కిటికీ వెలుతురు, తెల్ల థర్మాకోల్ షీటు, ట్రైపాడ్ అయిపోయాయి. కిటికీ పక్కన చీర వేలాడదీసి పది ఫొటోలు తీయమన్నాను కదా, తీసినవాళ్లు వాటిని ఇప్పుడు కంప్యూటర్లో వేసుకుని 100 శాతం జూమ్‌లో చూడండి. జరీ అంచు దగ్గర పోగులు విడివిడిగా కనిపిస్తున్నాయా? కెమెరా వెనక చూసినప్పుడు అన్నీ బ్రహ్మాండంగానే ఉండుంటాయి. 3 అంగుళాల తెర అది, దాంట్లో ఏదైనా బాగానే ఉంటుంది.

నా సంగతి చెప్తాను. మొదట్లో ఒక షాపుకి ఒకే రోజు 40 గద్వాల చీరలు తీశాను. గద్వాలంటే తెలుసుగా, ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండూ వెలుతురు దగ్గర రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి, అందుకే ఫొటోకి కాస్త మొండి సరుకు. సాయంత్రానికి నడుం పడిపోయింది గానీ పని అయిందని సంబరం. రాత్రి భోజనం చేసి కంప్యూటర్లో వేసి చూస్తే పదకొండో చీర నుంచి ఆఖరిదాకా ఫోకస్ చీర మీద లేదు, వెనక గోడ మీద ఉంది. సున్నం పెచ్చులు మాత్రం ఎంత చక్కగా వచ్చాయో! లెన్స్ రింగుకి ఎప్పుడో చెయ్యి తగిలినట్టుంది. తెల్లారి ఫోన్ చేస్తే సరుకు అప్పటికే లారీ ఎక్కేసింది.

చీర కళ్ల ముందు ఉండగానే తప్పు తెలియాలి, మడతపెట్టి పంపేశాక తెలిసి లాభం లేదు. ఈ పాఠమంతా దానికోసమే. కెమెరాకీ కంప్యూటర్‌కీ మధ్య ఒక కేబుల్ వేస్తాం, తీసిన ప్రతి ఫొటో రెండు మూడు సెకన్లలో పెద్ద తెరమీద కనిపిస్తుంది, షట్టర్ కూడా కంప్యూటర్ నుంచే నొక్కొచ్చు. దీన్ని టెథరింగ్ అంటారు. గేదెని పలుపుతో గుంజకి కట్టేయడానికి కూడా ఇంగ్లీషులో ఇదే మాట. నా మట్టుకు దీన్ని పలుపే అంటాను.

ముందు పలుపు సంగతే చూద్దాం, ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. నేను కేనన్ 1500డీ మీద చెప్తున్నాను, మన దగ్గర చాలామంది చేతుల్లో ఉండేది అదే కాబట్టి. దానికి మినీ యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది, పాత ఎంపీ3 ప్లేయర్లకి ఉండేదే. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలకి ఎక్కువగా టైప్ సీ. షాపులో కేబుల్ అడిగేటప్పుడు "డేటా కేబుల్" అని నొక్కి చెప్పండి, ఎందుకంటే చవక కేబుళ్లలో కొన్నిటికి ఛార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. అది పెట్టి గంటసేపు సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. పొడవు విషయంలో ఆశపడకండి. యూఎస్‌బీ 2 అయితే 5 మీటర్లు, యూఎస్‌బీ 3 అయితే సుమారు 3 మీటర్లు, అంతకు మించితే మధ్యలో సిగ్నల్‌ని పెంచే యాక్టివ్ కేబుల్ కావాలి. మామూలు ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతే కాసేపు పనిచేసి సరిగ్గా మంచి ఫొటో దగ్గర తెగిపోతుంది.

కేబుల్ కొనేశాక దాన్ని నేరుగా కెమెరాకి గుచ్చి వదిలేయొద్దు. కెమెరా దగ్గర కాస్త వదులు ఉంచి, మిగతాది ట్రైపాడ్ కాలికి వెల్‌క్రో పట్టీతో కట్టేయండి, వెల్‌క్రో లేకపోతే లంగా నాడా అయినా చాలు. ఎవరి కాలైనా తగిలితే లాగుడు ట్రైపాడ్ మీద పడాలి గానీ కెమెరా లోపలి రంధ్రం మీద పడకూడదు. స్టూడియోవాళ్ల కేబుళ్లు ముదురు నారింజ రంగులో ఉండేది కూడా అందుకే, నేలమీద కనిపించాలని. ఇంట్లో పిల్లలుంటే ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఇప్పుడు కెమెరా మెనూలోకి వెళ్దాం. వైఫై ఆపేయండి. చాలా కేనన్ కెమెరాల్లో వైఫై ఆన్‌లో ఉంటే కేబుల్ కనెక్షన్ పనిచేయదు, పైగా ఎందుకు పనిచేయడం లేదో చెప్పదు కూడా. ఆటో పవర్ ఆఫ్‌ని డిజేబుల్ చేయండి, లేకపోతే మీరు కుచ్చిళ్లు సర్దుకుని వచ్చేలోపు నిద్రపోతుంది. డయల్ ఎం (మాన్యువల్, అంటే అన్నీ మనమే పెట్టుకునేది) మీద పెట్టండి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలన్నది) 100, ఎఫ్ 8 (లెన్స్ లోపలి కంత ఎంత తెరుచుకోవాలన్నది; అంకె పెరిగితే కంత చిన్నదై, ముందూ వెనకా ఎక్కువ మేర స్పష్టంగా వస్తుంది), షట్టర్ స్పీడు వెలుతుర్ని బట్టి. 1/15 లాంటి నెమ్మది స్పీడు వచ్చినా ట్రైపాడ్ ఉంది కాబట్టి భయం లేదు. కానీ ఫ్యాన్ ఆపండి! ఎండాకాలంలో ఇది చెప్పడం పాపమే, అయినా కొంగు కదిలితే ట్రైపాడ్ ఏం చేస్తుంది.

కంప్యూటర్లో కేనన్ వాళ్ల ఈఓఎస్ యుటిలిటీ వేసుకోండి, వాళ్ల సైట్లో ఉచితంగా దొరుకుతుంది. కెమెరా ఆఫ్‌లో ఉండగా కేబుల్ పెట్టి, తర్వాత ఆన్ చేయండి, యుటిలిటీ దానంతటదే తెరుచుకుంటుంది. రిమోట్ షూటింగ్‌లోకి వెళ్లేముందు ప్రిఫరెన్సెస్‌లో రెండు పనులున్నాయి. ఫొటోలు ఏ ఫోల్డర్లో పడాలో చెప్పడం ఒకటి, కంప్యూటర్లోనూ మెమరీ కార్డులోనూ రెండు చోట్లా సేవ్ అయ్యేలా పెట్టడం రెండోది. కంప్యూటర్ ఒక్కటే చాలని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. మధ్యలో కేబుల్ ఊడితే కార్డులో ఉన్నదే మిమ్మల్ని కాపాడుతుంది. ఫైలు పేర్లకి ముందు చీర కోడ్ పెట్టుకునే వీలుంది, 40 చీరలు తీసినరోజు దాని విలువ తెలుస్తుంది.

లైవ్ వ్యూ తెరవండి, అంటే కెమెరా చూస్తున్నది అప్పటికప్పుడే తెరమీద కనిపించడం. చీర మీద చిన్న డబ్బా కనిపిస్తుంది, దాన్ని జరీ అంచు మీదకి లాగి రెండుసార్లు క్లిక్ చేస్తే అక్కడ పెద్దదవుతుంది. లెన్స్ మీద స్విచ్చు ఏఎఫ్ (ఆటో ఫోకస్)లోనే ఉంచి, తెరమీది బాణాలతో ఫోకస్‌ని ముందుకీ వెనక్కీ జరపండి. మూడు బాణాలది పెద్ద అంగ, ఒక్క బాణానిది చీమ నడక. ఒకసారి పోగులు స్పష్టంగా వచ్చేదాకా పోయి, దాన్ని దాటి మళ్లీ మసకబారేదాకా పోయి, అప్పుడు వెనక్కి రండి. దాటి చూస్తే తప్ప ఎక్కడ ఆగాలో కంటికి తెలియదు. తర్వాత షట్టర్ గుండీ కూడా తెరమీదదే నొక్కండి, కెమెరాని ముట్టుకోవద్దు.

లైవ్ వ్యూ గంటలకొద్దీ ఆన్‌లో ఉంటే బ్యాటరీ తాగేస్తుంది. నెలకి నాలుగైదు రోజులు ఈ పని చేసేవాళ్లు కరెంటుకి తగిలించే డమ్మీ బ్యాటరీ కొనుక్కోవడం మేలు, అప్పుడప్పుడూ చేసేవాళ్లకి ఇంకో మామూలు బ్యాటరీ సరిపోతుంది.

నికాన్ వాళ్లకి ఎన్ఎక్స్ టెథర్ ఉంది, ఉచితమే గానీ అన్ని మోడళ్లకీ పనిచేయదు, జాబితా చూసుకోండి. జాబితాలో లేకపోతే విండోస్‌లో డిజీక్యామ్‌కంట్రోల్ ప్రయత్నించండి. సోనీ అయితే మెనూలో యూఎస్‌బీ కనెక్షన్‌ని పీసీ రిమోట్ అని మార్చి ఇమేజింగ్ ఎడ్జ్ వాడాలి. లినక్స్ వాళ్లకి డార్క్‌టేబుల్ అనే ఫొటోలు సర్దే సాఫ్ట్‌వేర్‌లోనే టెథరింగ్ ఉంది. అక్కడ ఫైల్ మేనేజర్ కెమెరాని పెన్‌డ్రైవ్ అనుకుని ముందే పట్టేసుకుంటుంది, ముందు కెమెరాని అన్‌మౌంట్ చేయండి, అంటే ఫైల్ మేనేజర్ పట్టు విడిపించండి.

ఇక రంగు. చీరలు వెనక్కి రావడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే, వంకాయ రంగు ఫొటోలో నీలంగా పడుతుంది, కొన్నావిడ తప్పేమీ లేదు. పెద్ద తెర పెట్టుకున్నాక ఈ గొడవ తగ్గాలి, కానీ తెరే అబద్ధం చెప్తే? రాత్రిపూట కళ్లకి హాయిగా ఉండాలని విండోస్‌లో నైట్ లైట్, మ్యాక్‌లో నైట్ షిఫ్ట్ పెట్టుకుంటాం, అది తెరంతా పసుపు పూస్తుంది. దాన్ని ఆపకుండా రంగులు సర్దానంటే ఒక్కో చీరా నీలం పూసినట్టు తయారవుతుంది. వెలుగు ఎక్కువైందా తక్కువైందా అన్నది కూడా తెరని చూసి తేల్చొద్దు, హిస్టోగ్రామ్ చూడండి (ఫొటోలో చీకటి ఎంతో ఎడమవైపు, వెలుగు ఎంతో కుడివైపు చూపించే చిన్న గ్రాఫు), జరీ మెరిసేచోట గీత కుడి గోడకి గుద్దుకోకూడదు.

వీలైతే చీర తెలిసినవాళ్లని తెర పక్కన కూర్చోబెట్టుకోండి. మంగళగిరిలో నేను తీసిపెట్టే ఒకావిడ కుర్చీ వేసుకుని కూర్చుంటారు. "బాబూ, ఇది చిలకపచ్చ కాదు, నువ్వు తీసింది అరిటాకు పచ్చ" అంటారు. "అమ్మా, కిటికీ బయట చెట్టు పచ్చదనం పడుతోంది" అని కిటికీకి తెల్ల కర్టెన్ దించి మళ్లీ తీస్తాను. ఆవిడ తలూపితేనే తర్వాతి చీర.

ఈ వారం పని: ఒకే చీర, ఒకే చోట, ఫోకస్ అంచు మీద ఒకటి, కొంగు మీద ఒకటి, ఒంటి మీద ఒకటి తీసి, మూడింటినీ పక్కపక్కన 100 శాతంలో పెట్టి చూడండి. ఎఫ్ 8కి మూడూ స్పష్టంగా రాకపోతే ఎఫ్ 11 చేసి మళ్లీ తీయండి. 5వ పాఠంలో రంగులు సరిగ్గా పడేలా చేసే గ్రే కార్డు, కస్టమ్ వైట్ బ్యాలెన్స్. దానికి ఇంట్లో ట్యూబ్‌లైట్లన్నీ ఆపాలి, వంటింట్లో ఉన్నవాళ్లకి ముందే చెప్పిపెట్టుకోండి.