సరుకు రవాణాలో దొంగతనాన్ని ముందే పసిగట్టడానికి డేటాను ఎలా వాడాలి?

జీపీఎస్ పెట్టేశాం, ఇక భయం లేదనుకునే రవాణా సంస్థలు చాలా ఉన్నాయి. లారీ ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది గానీ, అందులో సరుకు ఉందో లేదో చెప్పదు. సరుకుకు ముప్పు ఎక్కువగా ఉండేది అది ఆగిన చోట, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే చోట. అందుకే అల్గారిథం సంగతి తర్వాత, ముందు ఆ చేతులు మారే చోట లెక్క గట్టిగా ఉండాలి.

మొదటి పని: అప్పగింతను నమోదు చేయడం

గోడౌన్ నుంచి లారీకి, లారీ నుంచి యార్డుకు, యార్డు నుంచి ఓడకు... ప్రతి అప్పగింత దగ్గరా ఎవరిచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు, ఎక్కడ, సీలు నంబరెంత, బరువెంత అన్నవి రాయాలి. కంటెయినర్లకైతే ఐఎస్ఓ 17712 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ‘హెచ్’ (హై సెక్యూరిటీ, అంటే ఎక్కువ భద్రత) తరగతి సీలు వాడండి. ఇక్కడో జాగ్రత్త ఉంది. పంపినవాళ్లు రాసిన సీలు నంబరు తీసుకునేవాళ్లకు తెరమీద కనిపించకూడదు. కనిపిస్తే చూసి అదే కొట్టేస్తారు. తలుపు దగ్గరికి వెళ్లి, సీలు చూసి, వాళ్లంతట వాళ్లే కొట్టాలి. రెండూ కలిశాయో లేదో సిస్టమ్ చూసుకుంటుంది. పైసా ఖర్చు లేని ఈ చిన్న మార్పు ఖరీదైన సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువ పట్టిస్తుందని నా గట్టి నమ్మకం.

సమయాలన్నీ యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) దాచండి. టైమ్ జోన్లు కలగాపులగమైతే, వెళ్లకముందే చేరిపోయిన లారీలు రికార్డుల్లో కనిపిస్తాయి.

రెండో పని: తప్పును గుమ్మం దగ్గరే ఆపడం

కంటెయినర్ నంబరులో నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక తనిఖీ అంకె ఉంటాయి. ఉదాహరణకు సీఎస్‌క్యూయూ 305438, తనిఖీ అంకె 3. ఐఎస్ఓ 6346 పద్ధతి ప్రకారం ఏ అంటే 10, బీ అంటే 12, సీ అంటే 13... ఇలా 11, 22, 33లను వదిలేస్తూ అక్షరాలకు విలువలిస్తారు. మొదటిదాన్ని 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 4తో, అలా రెట్టింపు చేసుకుంటూ గుణించి కూడతారు. మన నంబరుకు మొత్తం 6185 వస్తుంది. దాన్ని 11తో భాగిస్తే శేషం 3. సరిపోయింది. శేషం 10 వస్తే తనిఖీ అంకెను 0గా తీసుకుంటారు. టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పు పడితే దాదాపు ఎప్పుడూ ఇది పట్టేస్తుంది.

మోసగాణ్ని మాత్రం పట్టదు, ఎందుకంటే ఈ లెక్క వాడికీ తెలుసు. అందుకని ఇంకో తనిఖీ చేర్చండి: ఒకే కంటెయినర్ వరుసగా కనిపించిన రెండు చోట్ల మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగించండి. ఏ లారీకీ సాధ్యం కాని వేగం వస్తే, ఆ రెండు నమోదుల్లో ఒకటి అబద్ధం.

మూడో పని: మామూలు అంటే ఏమిటో సిస్టమ్‌కు నేర్పడం

ఒక దారిలో లారీలు ఒక చోట ఆగిన నిమిషాలు ఇలా ఉన్నాయనుకుందాం: 22, 25, 24, 28, 26, 23, 190. సగటు తీస్తే 48 వస్తుంది. దాన్ని నమ్ముకుంటే, రేపు 45 నిమిషాలు ఆగిన లారీ కూడా మామూలుగానే కనిపిస్తుంది. మధ్యగతం, అంటే విలువలను వరుసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండేది, తీస్తే 25. ఒక్క పెద్ద అంకె వల్ల అది చెదరదు. మధ్యగతం నుంచి ప్రతి విలువ ఎంత దూరముందో చూసి, ఆ దూరాలకు మళ్లీ మధ్యగతం తీస్తే 2 నిమిషాలు. 45 అయితే మధ్యగతానికి 20 నిమిషాల దూరంలో ఉంది, కాబట్టి ఈ కొలతతో చూస్తే అది కూడా వెంటనే బయటపడుతుంది.

ఈ లెక్క ఒక్కో దారికి, పగలు రాత్రిళ్లకు విడివిడిగా వేయాలి. ఐసొలేషన్ ఫారెస్ట్ (మిగతావాటికి భిన్నంగా ఉన్నవాటిని వేరుచేసే పద్ధతి) లాంటి మెషీన్ లెర్నింగ్ పద్ధతులు మంచివే. కానీ వేల ట్రిప్పుల డేటా చేరేదాకా వాటి జోలికి వెళ్లక్కర్లేదు.

నాలుగో పని: అలర్టులను అదుపులో పెట్టడం

చాలా ప్రయత్నాలు దెబ్బతినేది ఇక్కడే. 10,000 ట్రిప్పుల్లో నిజంగా దొంగతనం జరిగేవి 10 అనుకోండి. మీ సిస్టమ్ వాటిలో 9 పట్టుకుంటుంది, మంచి ట్రిప్పుల్లో మాత్రం నూటికి 2 చొప్పున తప్పుగా అనుమానిస్తుంది. అంటే దాదాపు 200 తప్పుడు అలర్టుల మధ్య 9 నిజమైనవి. చూసేవాళ్లు వారంలోపే విసిగిపోయి అన్నిటినీ మూసేస్తారు.

దీన్ని సరిచేయాలంటే, ఒక్కో సంకేతానికి మోగించడం మానండి. ఎక్కువసేపు ఆగడం, సీలు తేడా, బరువు తేడా... వీటికి మార్కులేసి, మొత్తం ఒక హద్దు దాటితేనే మోగాలి. సీలు తేడా ఒక్కటి మాత్రం దానంతట అదే చాలు. ప్రతి అలర్టు మీద చివరికి ఏం తేలిందో రాయండి, హద్దును సవరించడానికి ఆధారం అదే.

అలర్టు వచ్చిందంటే డ్రైవర్ దొంగ అని కాదు. బండి పాడై ఉండొచ్చు, ఒంట్లో బాగోకపోయి ఉండొచ్చు, అతణ్నే ఎవరైనా అడ్డగించి ఉండొచ్చు. ముందు అతని క్షేమం అడగాలి.

ఐదో పని: ఆ డేటాకే కాపలా పెట్టడం

ఏ సరుకు ఎక్కడుందో చెప్పే డేటా దొంగ చేతికి చిక్కితే అది వాడికి పటమే. బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో మాదకద్రవ్యాల ముఠా హ్యాకర్లను పెట్టి, కంటెయినర్ల జాడను, వాటిని విడిపించుకునే వివరాలను దొంగిలించింది. ఆ సంగతి 2013లో బయటపడింది. కాబట్టి విడుదల పిన్‌ను (కంటెయినర్‌ను విడిపించుకునే రహస్య సంఖ్యను) సరుకు తీసుకునే వేళకే, కొద్ది గంటలకే చెల్లేలా ఇవ్వండి. ఎవరికి ఏ రికార్డు అవసరమో అదే చూపించండి. ఎవరు ఏం చూశారో లాగ్ ఉంచండి. తన పనికి సంబంధం లేని కంటెయినర్లను ఒకరు పదేపదే వెతుకుతుంటే, అదీ అలర్టు కావాలి.

2017లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ (కంప్యూటర్లను పాడుచేసే ప్రోగ్రాం) దెబ్బకు ఓడల సంస్థ మెర్స్క్ దాదాపు 4,000 సర్వర్లను, 45,000 కంప్యూటర్లను మళ్లీ మొదటి నుంచి నెలకొల్పుకోవాల్సి వచ్చింది. అందుకే బ్యాకప్ ఒక కాపీ నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా విడిగా ఉండాలి. మూడు నెలలకోసారి దాన్నుంచి డేటాను నిజంగా వెనక్కి తెచ్చి చూడండి. సిస్టమ్ లేని రోజున సరుకు అప్పగించడానికి, సీలు నంబరు గడితో సహా, కాగితం ఫారాలు ప్రతి గేటు దగ్గరా సిద్ధంగా ఉంచండి.